ఒకరి గుంట ఇంకొకరి ఫోనులో

కోట అనే ఊరి నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు చివర, సరుగుడు తోటలు దాటాక, నేల కనిపించడం మానేస్తుంది. కనుచూపు మేరా రొయ్యల గుంటలే. మధ్యాహ్నం పూట ఆ నీళ్ల మీద ఎండ పడితే గట్టు ఎక్కడ ముగిసిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. గుంటలకు గాలి పట్టించే ఏరియేటర్ల చక్రాలు నీళ్లను చిలుకుతూ రోజంతా ఒకే శబ్దం చేస్తుంటాయి. ఆ శబ్దం వింటూ కాసేపు కూర్చున్నవాళ్లకు కళ్లు వాటంతటవే బరువెక్కుతాయి. అబిగయీలు పనిచేసే ఆఫీసు కిటికీ ఆ గుంటల వైపే తెరుచుకుంటుంది.

ఆ ఆఫీసు రొయ్యలు శుభ్రం చేసి, గడ్డకట్టించి, ఓడల్లో పంపే ఒక కంపెనీది. ఏ గుంటలో ఏ రొయ్యపిల్లల సీడ్ వేశారు, నీళ్ల పరీక్షలో ఏం తేలింది, ఏ రొయ్య ఏ పెట్టెలోకి చేరింది, ఇవన్నీ కంప్యూటర్లో ఉంటాయి. రైతులు తమ ఫోనుల్లో తమ గుంటల వివరాలు చూసుకుంటారు. ఈ వ్యవస్థంతా జావా అనే కంప్యూటరు భాషలో రాసింది. దాన్ని చూసుకునే మనిషి అబిగయీలు.

ఆమె పుట్టింది కోటలోనే. తండ్రి గిద్యోను ఆర్టీసీ డ్రైవరు. ఇంట్లో కంటే రోడ్డు మీద ఎక్కువ ఉండేవాడు. తల్లి ప్రేమలీల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. బడి వదిలాక అబిగయీలు ఎక్స్ఛేంజికి వెళ్లి, తల్లి వెనకున్న బల్ల మీద పుస్తకాల సంచీ తలకింద పెట్టుకుని పడుకునేది. "లైన్లో ఉండండి", "మాట్లాడండి", "నెల్లూరు పలకడంలేదండీ" అని తల్లి గొంతు వినిపిస్తూ ఉండేది. సగం నిద్రలో ఆ పిల్లకి ఊళ్లన్నీ ఆ గదిలోకి వచ్చి మాట్లాడుకుని వెళ్లిపోతున్నట్టు ఉండేది. చిన్నప్పుడు ఎక్కడ ఎక్కువ సుఖంగా నిద్రపోయావని ఇప్పుడు అడిగినా ఆ బల్ల మీదే అంటుంది.

బళ్లో టీచర్లకు ఆమె మీద ఒకటే ఫిర్యాదు. క్లాసులో ఉంటుంది కానీ క్లాసులో ఉండదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. లేపి ప్రశ్న అడిగితే జవాబు మాత్రం చెప్పేది, కాస్త ఆలస్యంగా, ఎక్కడి నుంచో నడిచి వచ్చినట్టు. నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతుండగా జావా ల్యాబులో మొదటిసారి ఒక చిన్న వెబ్ పేజీని నడిపింది. పక్క కంప్యూటరు నుంచి స్నేహితురాలు ఏదో అడిగితే, తాను రాసిన నాలుగు వరసల గుండా ఆ అడిగింది వచ్చి, జవాబు తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె హాస్టలుకు బస్సెక్కడం మర్చిపోయి నడిచి వెళ్లింది.

చెన్నైలో కొన్నేళ్లు ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ మీద పనిచేసింది. తిరిగి ఎందుకొచ్చావని అడిగితే అక్కడ నిద్ర పట్టేది కాదని మాత్రం చెబుతుంది. ఈ కంపెనీలో ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టింది. మొదటి రోజు తనకిచ్చిన కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూసినప్పుడు, ఇక ఎక్కడికీ పోనక్కర్లేదనిపించిందట.

ఆమెకు అప్పగించిన వ్యవస్థ మాత్రం పాతది. ఎవరో కాంట్రాక్టు మీద వచ్చి, రాసిపెట్టి వెళ్లిపోయారు. జావాలో వెబ్ అప్లికేషన్ కట్టేవాళ్లు ప్రతిదీ మొదటి నుంచి రాసుకోరు. ఫోను నుంచి వచ్చినదాన్ని అందుకోవడం, సరైన చోటికి పంపడం, జవాబును పేజీగా మార్చి వెనక్కివ్వడం, ఈ పనులకు ముందే కట్టి ఉంచిన చట్రం ఒకటి వాడుకుంటారు. దాన్నే ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఇక్కడ వాడింది స్ట్రట్స్ మొదటి తరం. ఒకప్పుడు దేశమంతా దాని మీదే నడిచింది. ఆమె వచ్చేసరికి దాన్ని తయారుచేసినవాళ్లే దాన్ని వదిలేశారు. అయినా పని జరుగుతూనే ఉంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు.

కరోనాకు ముందు సంవత్సరం ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దుర్గ ఆఫీసుకు వచ్చింది. నలభై దాటిన మనిషి. భర్త పోయాక గుంటలు ఎవరికీ ఇవ్వకుండా తానే చేసుకుంటోంది. మేత వేయడం దగ్గర్నుంచి మోటారు బాగుచేయించడం దాకా ఆమే చూసుకుంటుంది. గట్టు మీద నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. చేతిలో ఫోను ఉంది.

జరిగింది ఏమిటంటే, నాలుగు రోజుల కిందట కంపెనీ ల్యాబు నుంచి ఆమెకు మెసేజి వచ్చింది, నీళ్ల పరీక్ష ఫలితం వచ్చింది చూసుకోమని. ఫోనులో తన గుంట నంబరు కొట్టి చూస్తే తెల్లమచ్చ ఉందని కనిపించింది. ఆ జబ్బు వస్తే రోజుల్లో గుంటలో రొయ్యంతా చచ్చిపోతుంది. దుర్గ ఇంకేం ఆలోచించలేదు. ఆ సాయంత్రమే మనుషుల్ని పిలిచి వలలు వేయించి, ఇంకా పూర్తిగా పెరగని రొయ్యనంతా పట్టించేసింది. ఆ రొయ్య ప్లాంటుకు చేరాక మళ్లీ పరీక్ష చేస్తే అందులో ఏ జబ్బూ లేదు.

"నా కళ్లతో చూసినా అమ్మాయ్. తెల్లమచ్చ అని రాసుండాది. నా నంబరే పైన ఉండాది" అంది దుర్గ.

అబిగయీలు తన కంప్యూటరులో ఆ నంబరు తెరిచింది. జబ్బు లేదనే ఉంది. సర్వర్ తనంతట తాను రాసుకునే లాగ్ తెరిచింది. ఆ రోజు ఆ సమయానికి దుర్గ అడిగినప్పుడు ఇచ్చిన జవాబు కూడా జబ్బు లేదనే.

"ఇట్టా చూడక్కా. ల్యాబు వాళ్లు ఎక్కించింది ఇదే. ఆ రోజూ ఇదే ఉండాది."

"అంటే నేను అబద్ధం చెప్తా ఉండానా?"

"అబద్ధమని కాదక్కా. పక్కనే చెంచురామయ్య గారి గుంటకు నిజంగానే వచ్చింది గదా. ఆయన ఫోను చూసి, ఆ కంగారులో..."

"ఆయన ఫోను నేనెందుకు చూస్తాను? ఆయన గట్టు ఆడ, నా గట్టు ఈడ."

ఆమె గొంతు పెంచలేదు. దుర్గ కంప్యూటరు వైపు కాసేపు చూసింది. తర్వాత లేచి వరండాలోకి వెళ్లి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి, ఎండలోకి నడిచింది. ఆ తెల్లటి వెలుగులో ఆమె చీర రంగు కాస్త దూరం కనిపించి కలిసిపోయింది. అబిగయీలు కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. తాను చెప్పింది సరైనదే. లాగ్ అదే చెబుతోంది. అయినా సరైన మాట చెప్పాక కుదుటపడాల్సిన మనసు కుదుటపడలేదు.

ఐటీ మేనేజరు అశోక్ గారు రోజూ కోవూరు నుంచి కారులో వస్తారు. మంచి మనిషే, కానీ తలమీద పనులెక్కువ. "లాగ్ ఉండాది గదా అబిగయీలు. ఆమె కంగారులో చూసుకునింది. వదిలెయ్" అన్నారు.

ఆమె వదిలేయలేకపోయింది. ఫోనులో పాత పేజీ దాగి ఉండి అది కనిపించిందేమోనని చూసింది. కాదు. ల్యాబులో ముందు తప్పు ఎక్కించి తర్వాత దిద్దారేమోనని చూసింది. అదీ కాదు. లాగిన్లు తారుమారయ్యాయేమోనని చూసింది. పని లేనప్పుడల్లా దుర్గ గుంట నంబరు కొట్టి చూడటం ఆమెకు అలవాటైపోయింది. భోజనం తర్వాత, చర్చి నుంచి వస్తూ, బస్సు కోసం నిలబడి. ఎప్పుడు చూసినా జవాబు సరిగ్గానే వచ్చేది. ఒక్కోసారి ఆ నంబరు కలలో కూడా వచ్చేది. కలలో గుంట నిండా నీళ్లుండేవి, నీళ్ల కింద ఎవరో మాట్లాడుతున్నట్టుండేది. లేచాక ఏం మాట్లాడారో గుర్తుండేది కాదు.

ఈలోపు ఊళ్లో దుర్గకు ఒక పేరు పడింది. "తెల్లమచ్చ దుర్గ" అనేవారు. బాగున్న పంటను భయపడి పట్టేసుకుందని నవ్వుకునేవారు. కోట సంతలో ఒకసారి అబిగయీలుకు ఆమె ఎదురుపడింది. పలకరించలేదు, మొహం తిప్పుకోనూ లేదు. పక్కనుంచి వెళ్లిపోయింది.

తర్వాత శ్రీహరికోట నుంచి రాకెట్ లేచే రోజు వచ్చింది. అలాంటి రోజుల్లో ఆ తీరంలో ఎవరూ లోపల ఉండరు. కంపెనీలో తెల్ల కోట్లు వేసుకున్న ప్లాంటు ఆడవాళ్లతో సహా అందరూ డాబా ఎక్కారు. గట్ల మీద రైతులు పనులాపి దక్షిణం వైపు తిరిగి నిలబడ్డారు. సముద్రం మీద పల్చటి మంచులాంటిది పరుచుకుని ఉంది. ముందు వెలుగు కనిపించింది. అది నిశ్శబ్దంగా పైకి లేచింది. చాలాసేపటికి గాని శబ్దం రాలేదు. వచ్చినప్పుడు చెవులకంటే ముందు గుండెకు తగిలింది. ఆఫీసు కిటికీ అద్దాలు సన్నగా మోగాయి. గుంటల నీళ్లన్నీ ఒక్కసారి వణికినట్టు అబిగయీలుకు అనిపించింది. రాకెట్ మాయమయ్యాక దాని పొగ మాత్రం ఆకాశంలో మెలికలు తిరుగుతూ, గాలికి మెల్లగా చెదురుతూ ఉండిపోయింది.

ల్యాబు వాళ్లు రాకెట్ లేచే ముందే ఆ వారం ఫలితాలు ఎక్కించి మెసేజిలు పంపారు. ఆకాశం చూస్తున్నంతసేపూ ఎవరూ ఫోను చూడలేదు. పొగ చెదిరాక, డాబా మీద, గట్ల మీద, రోడ్ల మీద జనం తలలు దించి ఫోనులు తీశారు. అబిగయీలు కూడా తీసింది. అలవాటుగా దుర్గ గుంట నంబరు కొట్టింది.

ఫలితం వచ్చింది. ఉప్పు ఇంత, ఆక్సిజన్ ఇంత, జబ్బు లేదు.

ఆమె చదివి ఫోను జేబులో పెట్టుకోబోయి ఆగింది. దుర్గ గుంటలో నీళ్లు లేవు. పంట పట్టేశాక దాన్ని ఎండగట్టారు. డాబా మీది నుంచి చూస్తే ఆ గుంట అడుగు నెర్రెలిచ్చి, తెల్లగా ఉప్పు తేలి కనిపిస్తోంది. ఎండిన గుంట నుంచి నీళ్లు తీసి పరీక్ష చేసిందెవరు? మళ్లీ ఫోను చూసింది. నీళ్లున్నాయనే ఉంది. ఒక క్షణం ఆమెకు తాను మెలకువలో ఉన్నదీ లేనిదీ తెలియలేదు. రెండోసారి నంబరు కొట్టింది. "నమూనా లేదు" అని వచ్చింది.

మెట్లు దిగుతుండగానే ఆఫీసు ఫోను మోగడం వినిపించింది. ఎవరో రైతు. తన గుంట పేజీ ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చూపిస్తోందని. అది పెట్టగానే ఇంకొకరు. అబిగయీలు మెట్ల మీదే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ తాను ఒక్కతే అడిగి చూసింది. ఒక్కరే అడిగితే ఎప్పుడూ సరైన జవాబే. ఈ రోజు అందరూ ఒక్కసారే అడిగారు.

కూర్చుని, ఫలితం చూపించే క్లాసు, అంటే ఆ పని చేసే కోడు ముక్క, తెరిచింది. ఎన్నోసార్లు తెరిచి చదివిందే. ఇప్పుడు పై వరసల్లోనే కనిపించింది. జవాబును దాచుకునే వేరియబుల్‌ని, అడిగిన ప్రతిసారీ కొత్తగా మొదలయ్యే మెథడ్ లోపల కాకుండా, అందరికీ ఉమ్మడిగా క్లాసు మొదట్లో పెట్టారు. స్ట్రట్స్ ఆ క్లాసుకు ఒకే ఒక్క ప్రతి తయారుచేసి, వచ్చినవాళ్లందరినీ దాని గుండానే పంపుతుంది. అందరి జవాబూ ఒకే పలక మీద రాసినట్టన్నమాట. దుర్గ జవాబు రాసి, లాగ్‌లో నమోదు చేసి, పేజీగా మార్చి పంపేలోపు ఇంకొకరిది దాని మీద పడితే, పలక మీద ఉన్నదే ఆమెకు వెళుతుంది. పైన నంబరు మాత్రం ఆమె కొట్టిందే వస్తుంది. లాగ్‌లో సరైనదే ఉంటుంది.

రెండు నంబర్లను ఒకేసారి మళ్లీ మళ్లీ అడిగే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి టెస్ట్ సర్వర్ మీద నడిపింది. ఎక్కువసేపు పట్టలేదు. ఒకరి గుంట ఇంకొకరి తెర మీదికి రావడం మొదలైంది. అశోక్ గారిని పిలిచి చూపించింది. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని చాలాసేపు చూశారు.

"అంటే ఆమె చూసింది నిజమే" అన్నారు చివరికి.

"నిజమే సార్. చెంచురామయ్య గారికీ ఆమెకీ మెసేజి ఒకే నిమిషంలో పోయుండాది. ఇద్దరూ ఒకేసారి చూసినారు."

దిద్దడం కష్టమేం కాలేదు. వేరియబుల్‌ని లోపలికి జరిపితే చాలు. అదే పొరపాటు ఇంకెక్కడైనా ఉందేమోనని మిగతా క్లాసులన్నీ వెతికితే ఇంకొన్ని దొరికాయి. అన్నీ దిద్దింది. పని అయిపోయింది గాని సంతోషం రాలేదు. ఆ సాయంత్రం ఇంట్లో తల్లి వంకాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పింది.

ప్రేమలీల అంతా విని, "ఆమెకు చెప్పినావా?" అంది.

"ఇంకా లేదుమా."

"మరి ముందు నాకెందుకు చెప్తా ఉండావు?"

మరునాడు ఉదయం అబిగయీలు దుర్గ గట్టుకు వెళ్లింది. గుంటలో మళ్లీ నీళ్లు పెట్టే ముందు సున్నం చల్లిస్తోంది దుర్గ. తెల్లటి పొడి గాలికి లేచి ఇద్దరి మధ్యా తేలుతోంది. అబిగయీలు ఉన్నదున్నట్టు చెప్పింది, తాను లాగ్ చూపించి ఆమెను కాదన్న సంగతితో సహా.

"నువ్వు చూసింది నిజమేనక్కా. తప్పు మాది. నేను ఆ రోజు నీ మాట నమ్మాల్సింది."

దుర్గ చేతిలోని తట్ట కింద పెట్టింది. కొంగుతో మొహం మీది సున్నం తుడుచుకుంది. కళ్లు కూడా తుడుచుకుందో లేదో ఆ పొడిలో తెలియలేదు.

"నాకే పిచ్చి పట్టిందనుకున్నా. నా కళ్లు నాకే అబద్ధం చెప్పినాయేమోనని అద్దాల డాక్టరు దగ్గరికి గూడా పొయ్యొచ్చినా తెలుసునా."

దుర్గ వంగి తట్ట మళ్లీ ఎత్తుకుంది.

"ఇప్పుడు నాకు చెప్పినావు, సరే. నలుగురిలో చెప్పు. ఆడ నవ్వినోళ్లందరూ ఉండంగా చెప్పు."

అశోక్ గారు ఒప్పుకున్నారు. కాకపోతే ఒక మాట అన్నారు. వ్యవస్థ పాతది, ఫ్రేమ్‌వర్క్ పాతబడిపోవడం వల్ల ఇలా జరిగింది, కొత్తదానికి మారుతున్నాం, ఇక జరగదు అని చెబుదామన్నారు. రైతులకు ధైర్యంగా ఉంటుందని ఆయన ఉద్దేశం.

"అది నిజం కాదు సార్" అంది అబిగయీలు. "మనం స్ప్రింగ్ లాంటి కొత్త ఫ్రేమ్‌వర్క్‌కు పోయినా ఆడ అడిగినోళ్లను అందుకునే కంట్రోలర్ గూడా అందరికీ ఒక్కటే. అదే వేరియబుల్‌ని అదే చోట పెడితే ఆడా ఇట్టానే జరుగుతాది. తప్పు రాసినోళ్లది. చూడని నాది."

"అయితే మార్చొద్దంటావా?"

"మార్చాలి సార్. దీనికి సెక్యూరిటీ దిద్దుబాట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. దాని కోసం మార్చాలి. దీనికి అది కారణమని మాత్రం చెప్పొద్దు."

ఆయన సరేనన్నారు.

రైతుల సమావేశం ప్లాంటు వెనక రేకుల షెడ్డులో జరిగింది. సముద్రపు గాలికి రేకులు సన్నగా కొట్టుకుంటున్నాయి. అశోక్ గారు లేచి, వంకరమాటలు లేకుండా చెప్పారు. దుర్గ గారు ఫోనులో చూసింది నిజం, మా కంప్యూటరు ఆమెకు వేరేవాళ్ల ఫలితం చూపించింది, ఆమె చేసింది ఎవరైనా చేసేదే, ఆమెకు జరిగినదానికి కంపెనీ బాధ్యత తీసుకుంటుంది, వచ్చే పంటకు సీడూ మేతా కంపెనీయే ఇస్తుంది. ముందు వరసలో కూర్చున్న చెంచురామయ్య వెనక్కి తిరిగాడు. తెల్ల మీసాల పెద్దమనిషి, అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.

"దుర్గా, నా గుంట నీకు చూపించింటే, మరి నాకు నీది చూపించింటే నేనేమైపోయేవాణ్ణి? జబ్బు లేదనుకుని గమ్మునుండేవాణ్ణి. కరువు వచ్చి కూర్చునుండేది ఇంట్లో" అన్నాడు. ఆగి, "నేనన్న మాటలు మనసులో పెట్టుకోమాక" అన్నాడు.

"పెట్టుకోను. పెట్టుకోడానికి యాడుంది చోటు" అంది దుర్గ. షెడ్డంతా నవ్వింది. ఈసారి నవ్వు వేరుగా ఉంది. ఆ తర్వాత ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు లేరు.

ఇక ఏ ఫ్రేమ్‌వర్క్ అన్నది మిగిలింది. హైదరాబాదు నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చి చల్లటి గదిలో తెర మీద చూపించారు. పట్టికలు, రంగులు, లాగితే కదిలే పెట్టెలు. తెర మీద ఉన్న ప్రతి భాగాన్నీ సర్వర్ గుర్తుపెట్టుకుంటుంది, ప్రోగ్రామరుకు సగం పని తగ్గుతుంది అన్నారు. అందులో అబద్ధం లేదు. ఆఫీసులో ఒక కుర్రవాడికి ఇంకో పద్ధతి ఇష్టం. మొత్తం అప్లికేషన్‌ని ఒకసారి ఫోనులోకి దింపేస్తే, జావా వెనకనుండి వివరాలు మాత్రం అందిస్తుంది. అబిగయీలుకు మూడోది మనసులో ఉంది. స్ప్రింగ్‌తో, సర్వరే పేజీ తయారుచేసి పంపే పాత తరహా పద్ధతి. ఏది మంచిదని వాదన మొదలైతే అది సాయంత్రానికి తేలేలా లేదు.

"గట్టు మీదికి పోయి చూద్దాం సార్" అందామె.

నీళ్ల పరీక్ష నమోదు చేసే ఒకే పేజీని మూడు రకాలుగా కట్టించి, రైతుల సొంత ఫోనుల్లోనే చూపించారు. గుంటల దగ్గర సిగ్నలు సముద్రపు గాలిలాంటిది, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. చెంచురామయ్య మొదటిదాంట్లో సగం నింపి, మోటారు ఆగిందని కేక వినపడితే వెళ్లి చూసి వచ్చాడు. వచ్చేసరికి "సెషన్ ముగిసింది" అని ఉంది. సర్వర్ ఆయన కోసం గుర్తుపెట్టుకున్నది ఎదురుచూసి ఎదురుచూసి పారేసింది.

"నేను కొట్టిందంతా యాడికి పోయింది? మళ్లీ మొదట్నించి కొట్టాల్నా? పోండయ్యా" అని ఫోను లుంగీ మడతలో దోపేశాడు.

రెండోది దుర్గ చూసింది. తెల్లటి తెర మీద ఒక గుండ్రం తిరుగుతూ ఉంది. తిరుగుతూనే ఉంది. "ఇది తిరిగేలోపు నేను మేత వేసొస్తా" అని నిజంగానే తట్ట తీసుకుని వెళ్లింది.

మూడోదాంట్లో చూడటానికి ఏమీ లేదు. పై నుంచి కిందికి నాలుగు గడులు, ఒక బటన్. సిగ్నలు పోయినా గడుల్లో కొట్టింది అలానే ఉంది. వచ్చాక నొక్కితే వెళ్లింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు కూడా గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి చూశాడు. మంచి మనిషి, వాదించలేదు. "మేం ఎప్పుడూ ఆఫీసుల్లోనే చూపిస్తామండీ. ఇలాంటి చోట పెట్టి చూడలేదు" అన్నాడు.

రైతుల పేజీలన్నీ స్ప్రింగ్ మీద అలాగే కట్టాలని తేలింది. ప్లాంటులో కేబుల్ నెట్ మీద రోజంతా ఒకే చోట కూర్చుని ఎగుమతి పట్టికలు నింపేవాళ్లకు హైదరాబాదు వాళ్ల పద్ధతే నప్పుతుందని అబిగయీలే చెప్పింది. వాళ్లకు అదే పెట్టారు. రెండూ ఒకే సమాచారం మీద నడుస్తాయి.

మార్పు ఒక్క రోజులో జరగలేదు. ఒక్కో పేజీ కొత్తగా కట్టి, పాతదాని పక్కన పెట్టి, బాగుందనుకున్నాక పాతదాన్ని తీసేస్తూ వచ్చింది. ప్రతి కొత్త పేజీనీ బయటికి వదిలే ముందు, చాలామంది ఒకేసారి అడిగినట్టు పరీక్ష పెట్టేది. మధ్యలో కరోనా వచ్చింది. ఆఫీసు మూశారు. ఇంట్లో తల్లి గదిలో కిటికీ పక్కన కూర్చుని రాసింది. వీధిలో మనుషులు లేరు, మాటలు లేవు. గాలి తిరిగినప్పుడు దూరంగా ఏరియేటర్లు మాత్రం వినిపించేవి. ప్రేమలీల మంచం మీద పడుకుని పాత కీర్తనలు సన్నగా పాడుకునేది. ఆ రోజులు ఎలా గడిచాయో అబిగయీలుకు ఇప్పుడు విడివిడిగా గుర్తులేవు. అన్నీ కలిసి ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా ఉండిపోయాయి. ఆ మధ్యాహ్నంలో చాలా పేజీలు పూర్తయ్యాయి.

చివరి పాత పేజీ తీసేసిన రోజు మాత్రం గుర్తుంది. సర్వర్ మీద స్ట్రట్స్ అప్లికేషన్‌ని ఆపే ఆదేశం కొట్టి, కాసేపు ఆగి, ఎంటర్ నొక్కింది. ఏమీ జరగలేదు. ఫోను మోగలేదు, ఎవరూ పిలవలేదు. ఎన్నో ఏళ్లు నడిచింది ఆగిపోయినా బయట ఎవరికీ తెలియలేదు. ఎవరికీ తెలియకూడదన్నదే ఆమె కోరిక. కంప్యూటరు అలానే వదిలేసి గట్ల వెంట నడుచుకుంటూ వెళ్లింది.

దుర్గ గుంటలో రొయ్యల పట్టుబడి జరుగుతోంది. మోకాళ్ల లోతు నీళ్లలో మనుషులు వల దగ్గరికి లాగుతున్నారు. వల ఇరుకయ్యేకొద్దీ లోపల రొయ్యలు ఎగిరి నీళ్ల పైన మెరిసి పడుతున్నాయి. పెట్టెల్లో ఐసు పరుస్తున్నారు. గట్టు మీద ఒక పెట్టె బోర్లించుకుని కూర్చున్న దుర్గ, ఫోనులో ఏదో కొడుతోంది.

అబిగయీలు పక్కకు వెళ్లి నిలబడింది. అడగాలా వద్దా అనుకుని, ఉండబట్టలేక అడిగింది.

"పేజీ బాగా వస్తా ఉండాదా అక్కా?"

"ఏ పేజీ?" అంది దుర్గ తలెత్తకుండా. "లారీవోడికి ఫోను కలవలేదని మెసేజి పెడతా ఉండా. పట్టుబడి అయిపోవస్తా ఉంటే వాడింకా కోటలోనే టీ తాగతా ఉండాడంట."

అని జరిగి, పెట్టె మీద సగం చోటిచ్చింది. అబిగయీలు కూర్చుంది. నీళ్లు తగ్గుతున్న గుంట మీదుగా ఉప్పు వాసన గాలి వచ్చింది. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ లారీ కోసం కూర్చున్నారు.